తలుపు మూసుకునే తల్లి పక్షి

ఒక ఇరుకు గదిలోకి వెళ్ళి, గుమ్మాన్ని మూసేసుకొని, అన్నం అందుకోవడానికి చిన్న కన్నం మాత్రం ఉంచుకొని, దాదాపు నాలుగు నెలలు గడపమంటే మీలో ఎందరు ఒప్పుకుంటారు? ఒక్కరు కూడా ఒప్పుకోరు! కాని మన దేశపు అడవుల్లో ఒక తల్లి పక్షి తన పిల్లకోసం ఇలాగే గడుపుతుంది. ఆ పక్షి పేరు హార్న్‌బిల్.

పొడవాటి ముక్కు, దానిపైన కొమ్ములాంటి దిమ్మ ఉండటంవల్ల దీనికి ఆ పేరు వచ్చింది. హార్న్‌బిల్ జాతుల్లో మన దేశంలో అన్నిటికన్నా పెద్దదైన గ్రేట్ హార్న్‌బిల్ సుమారు ఒక మీటరు పొడవు, మూడు కిలోల బరువు ఉంటుంది. అది ఎగురుతుంటే రెక్కల హోరు చాలా దూరం వినిపిస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌కూ, కేరళకూ ఇదే రాష్ట్ర పక్షి.

అరుణాచల్ ప్రదేశ్‌లో, హిమాలయ పర్వతాల దిగువ కొండల్లో పక్కే అనే పులుల అభయారణ్యం ఉంది. దీని వైశాల్యం 862 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ నాలుగు జాతుల హార్న్‌బిల్స్ నివసిస్తున్నాయి. ఇవి గూడు పెట్టుకోవడానికి పెద్ద చెట్టు తొర్ర కావాలి. వడ్రంగి పిట్ట తన తొర్రను తానే తొలుచుకుంటుంది. హార్న్‌బిల్‌కు ఆ శక్తి లేదు. ఏ కొమ్మో విరిగి, అక్కడ మాను కుళ్ళి తొర్ర ఏర్పడితేనే దానికి ఇల్లు దొరికినట్టు. అలాంటి తొర్ర ఏర్పడటానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. అందుకే మంచి తొర్ర దొరికితే ఏటేటా దానికే తిరిగి వస్తుంది.

గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షి తొర్రలో దూరి, పండ్ల గుజ్జు, రెట్ట వంటివి మెత్తి ద్వారాన్ని మూసేస్తుంది. సన్నని చీలిక మాత్రమే మిగులుతుంది. దీనివల్ల శత్రువులు లోపలికి రాలేరు. లోపల ఉండగా దాని రెక్కల ఈకలు కూడా రాలి, కొత్తవి మొలుస్తాయి. అంటే కొంతకాలం అది ఎగరలేదన్నమాట. తల్లికీ, పిల్లకూ ఆహారం తెచ్చేది మగపక్షే. రావి, మర్రి జాతుల పండ్లను గొంతులో నింపుకొని వచ్చి, ఒక్కొక్కటే కక్కి చీలికలోంచి అందిస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆహారానికి వెళ్ళిన మగపక్షిని వేటగాడు కాల్చేశాడనుకోండి. చనిపోయేది ఒక్క పక్షేనా? తొర్రలో ఎదురుచూస్తున్న తల్లీ పిల్లా కూడా ఆకలితో చనిపోయే ప్రమాదం ఉంది. నష్టం అక్కడితో ఆగదు. హార్న్‌బిల్ పండ్లను మింగి, గింజలను తల్లిచెట్టుకు దూరంగా పడేస్తుంది. చిన్న పక్షులు మింగలేని పెద్ద గింజలను కూడా ఇది మోసుకుపోగలదు. ఈ పక్షులు తగ్గితే అడవిలో కొత్త చెట్లు మొలవడం కూడా తగ్గుతుంది. అందుకే వీటిని అడవి రైతులంటారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ వేటను నిషేధించింది. కాని అంత పెద్ద కొండ అడవిలో ప్రతి గూటినీ ఎవరు కనిపెట్టి ఉండగలరు? పైగా కొన్ని గూళ్ళు అభయారణ్యం సరిహద్దు బయట, చెట్లు నరికే చోట్ల ఉన్నాయి. పక్షికి మన సరిహద్దులు తెలియవు కదా!

దీనికి జవాబు అక్కడి ఊళ్ళలోనే దొరికింది. పక్కే పరిసరాల్లో నిషి తెగవారు ఉన్నారు. హార్న్‌బిల్ ముక్కును తలపాగాలో ధరించడం వారి ఆచారం. ఇప్పుడు చాలామంది నిజమైన ముక్కుకు బదులు ఫైబర్ గ్లాసుతో చేసిన ముక్కును ధరిస్తున్నారు. ఆచారమూ నిలిచింది, పక్షీ బతికింది. 2011-12లో ఊరిపెద్దల సంఘం, అటవీశాఖ, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ కలిసి 'గూళ్ళ దత్తత' పథకం ప్రారంభించాయి. దూరప్రాంతాల వారు విరాళాలిస్తారు. ఆ డబ్బుతో స్థానికులకు గూళ్ళ కాపలాదారులుగా జీతం ఇస్తారు. వీరిలో ఒకప్పటి వేటగాళ్ళూ ఉన్నారు! గూడున్న చెట్లను వెతికేది, నరకకుండా కాపాడేది, పిల్ల ఎప్పుడు బయటికి వచ్చిందో పుస్తకంలో రాసేది వీరే. వేటకు పనికివచ్చిన చూపు ఇప్పుడు కాపలాకు పనికివస్తున్నది. థాయిలాండ్‌లోని బూడో కొండల్లో డాక్టర్ పిలాయ్ పూన్స్వాద్ గ్రామస్థులతో కలిసి అంతకు ముందే ఇటువంటి పని చేసి చూపించారు.

ఈ కాపలా వల్ల పక్కే ప్రాంతపు గూళ్ళలోంచి వందకు మించి పిల్లలు క్షేమంగా ఎగిరిపోయాయి. ఐతే సమస్య తీరిపోలేదు. అభయారణ్యం బయట అడవి తగ్గుతున్నట్టు ఉపగ్రహ చిత్రాలు చెబుతున్నాయి. పెద్ద చెట్టు పోతే దానితో తొర్రా పోతుంది. మనం కొయ్యపెట్టెలు కట్టి కొన్ని గూళ్ళు అమర్చగలం. కాని ఆ పక్షులకు పండ్లిచ్చే అడవిని పెట్టెలో పెట్టి ఇవ్వలేం!

హార్న్‌బిల్స్ మనకూ పరాయివి కావు. మన తూర్పు కనుమల్లో, పాపికొండల అడవుల్లో నలుపు తెలుపు రంగుల మలబార్ పైడ్ హార్న్‌బిల్ ఉంది. ఎప్పుడైనా అటు వెళితే తలెత్తి చూడండి. ఒక పక్షి పదేపదే అదే తొర్రకు వచ్చి ముక్కు చాస్తూ ఉంటే దగ్గరకు వెళ్ళకండి, చప్పుడు చేయకండి. లోపల ఒక తల్లి తలుపు మూసుకొని ఎదురుచూస్తున్నదని గుర్తుంచుకోండి.