తప్పొప్పుకొన్న అధికారికి పరువు పోవునా?

కొత్తగా పదోన్నతి పొంది కుర్చీలో కూర్చున్నవానికి మొట్టమొదట చెవిలో ఊదబడు మంత్రమొకటి కలదు: తప్పు చేసితినని ఏనాడును అనరాదు, తెలియదని అసలే అనరాదు, ఒక్కసారి లోకువైనచో ఇక ఎవ్వరును మాట వినరు. ఈ మాటను నమ్మిన ఒక అధికారి వలన ఒక వితంతువు ఎనిమిది నెలలు అప్పులతో కాలము వెళ్లబుచ్చినది. అది నేను కన్నులార చూచినది.

నేను పూర్వము పనిచేసిన ఒక కార్యాలయమున, సర్వీసులో నుండగనే కన్నుమూసిన ఒక అటెండరు కుటుంబమునకు పెన్షను కాగితములు పంపినప్పుడు, చివరి మూలవేతనము ఒక ఇంక్రిమెంటు తక్కువగా పడినది. కాగితములు అభ్యంతరముతో తిరిగివచ్చినవి. ‘పొరపాటున పడినది, సవరించడమైనది’ అని రెండు ముక్కలు వ్రాసి సంతకము చేసినచో తీరిపోవు పని. కాని మొదటి సంతకము తనది గనుక, తన లెక్కయే సరియని మా అధికారి ముమ్మారు జవాబు వ్రాయించెను. ప్రతి సోమవారము ఆ అటెండరు భార్య ప్లాస్టిక్కు సంచిలో మరణ ధ్రువపత్రమును, జిరాక్సు కాగితములను పెట్టుకొని వచ్చి, వరండాలోని బల్లపై కూర్చుండి, నేను కనబడగనే ‘ఈ వారమైనా వస్తుందా బాబూ?’ అని అడిగెడిది. మా సెక్షనులోని పెద్ద గుమస్తాకు తప్పెక్కడున్నదో మొదటి దినముననే తెలియును. కాని అంతకుముందొకసారి సరిచేయబోయి ‘నాకు నేర్పుతారా?’ అన్న మాట పడినవాడగుటచే, సరియైన అంకెను చీటీపై వ్రాసి తన కళ్లజోడు పెట్టెలో దాచుకొని ఊరకుండెను.

ఇంతకును ఆ అధికారి పరువు నిలిచెనా? ఆఫీసంతయు ఆ తప్పు నెరుగును. క్రిందివారికి పైవాని తప్పు తెలియదనుకొనుటయే ఈ అపోహకంతటికిని మూలము. ఒప్పుకొనకపోయినంత మాత్రమున తప్పు దాగదు. దానిని చెప్పగల నోళ్లు మాత్రము మూతపడును.

ఒప్పుకొన్నవారి గతి యేమైనదో చూతము. 1979 ఆగస్టు 10న, నాటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి ఎగిరిన ఎస్సెల్వీ-3 రాకెట్టు, రెండవ దశ నియంత్రణ వ్యవస్థ చెడి బంగాళాఖాతమున కూలినది. ప్రయోగమునకు ముందు కంప్యూటరు ఆగుమని చెప్పినను, నిపుణుల మాటపై తానే దానిని త్రోసిపుచ్చితినని ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాము గారు తరువాత అనేక సభలలో దాపరికము లేక చెప్పుకొనిరి. నాడు పత్రికలవారి ముందు కూర్చుండి వైఫల్యభారమును తలకెత్తుకొన్నవారు ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధవన్ గారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహము కక్ష్యలో చేరిన దినమున మాత్రము, పత్రికలవారితో మాటలాడుమని కలాము గారినే ముందుకు పంపిరి. తప్పు నొప్పుకొని లోకువైనది వీరిలో ఎవ్వరు? ఒకరు రాష్ట్రపతి యైరి. రెండవవారి పేరు 2002లో ఆ శ్రీహరికోట కేంద్రమునకే పెట్టబడినది.

ఒప్పుకొనుట యెరుగని గాంభీర్యము నెలకొన్నచోట ఏమగునో 1977 మార్చి 27న కెనరీ ద్వీపములలోని టెనెరిఫే విమానాశ్రయమున లోకము చూచినది. దట్టమైన పొగమంచులో, కేఎల్‌ఎం విమాన సంస్థలో మిక్కిలి పేరుపొందిన కెప్టెను విమానమును పరుగెత్తించుచుండగా, అదే రన్‌వేపై ఎదుటనున్న మరొక విమానము తొలగినదో లేదో యని ఫ్లయిట్ ఇంజనీరు సందేహము వెలిబుచ్చెను. తొలగినదని కెప్టెను గట్టిగా బదులిచ్చెను. అంతటి పెద్దవానిని రెండవసారి అడుగుటకు ఎవ్వరికిని నోరు రాలేదు. రెండు జంబో విమానములు ఢీకొని 583 మంది మరణించిరి. పొగమంచు, రేడియో సందేశముల గందరగోళము, ఆలస్యపు ఆతురత కూడ కారణములే. కాని చిన్నవాడు అడుగుటయు పెద్దవాడు వినుటయు పైలట్ల శిక్షణలో పాఠమగుటకు ఈ దుర్ఘటన ఒక ముఖ్యకారణమైనది.

వినయమును, నిజాయితీని గూర్చిన తక్కిన అపోహలకు ఇంత శ్రమ అక్కరలేదు. చేతులు కట్టుకొని తల వంచుట వినయము కాదు. క్రిందివారితో కలిసి టీ త్రాగినంతనే ఎవ్వడును నిరాడంబరుడు కాడు. ‘నాది ముక్కుసూటి స్వభావము’ అని పదిమందిలో క్రిందివారిని కసరుట నిజాయితీ కాదు. ఆ ముక్కుసూటితనము పైయధికారి గదిలో ఏమగునో చూచినచో చాలును.

ఒక్కచోట మాత్రము మొదట చెప్పిన ఆ మంత్రమునకు కొంత తల యొగ్గక తప్పదు. ఒప్పుకోలు ఖరీదు అందరికిని ఒక్కటి కాదు. పేరు గడించిన పెద్దమనిషి తప్పొప్పుకొన్నచో ‘ఎంత సంస్కారము!’ అందురు, స్త్రీయో, వయసున చిన్నవాడో, ఆ కుర్చీకి తగడని ముందే గుసగుసలకు గురియైనవాడో అదే మాట అన్నచో ‘మేము అననే అంటిమి’ అందురు. ఇది నిజము, అన్యాయము కూడ. కనుక అట్టివారు పదేపదే క్షమాపణలు చెప్పుకొనుట కంటె, తప్పును సవరణతో కలిపి ఒక్కసారి చెప్పి ముందుకు సాగుట మేలు.

ఆ మాటకు వచ్చినచో అందరికిని అదియే పద్ధతి. ఫైలులో చేసిన తప్పును ఫైలులోనే, పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే దిద్దవలయును. గదిలోనికి పిలిచి చెప్పిన క్షమాపణ సగమే. మీ అభిప్రాయము ముందు చెప్పి ‘ఏమంటారు?’ అని అడిగినచో ‘అవును సార్’ తప్ప మరొకటి రాదు గనుక, అందరికన్న చిన్న ఉద్యోగిని ముందు అడిగి మీ మాటను చివరకు ఉంచుకొనుడు. తప్పు చూపినవాని మాట చెల్లినదని మరునాడు అతనికి తెలియజేయుడు.

మా అధికారి బదిలీయై పోయిన పిమ్మట వచ్చినామె మా అందరికన్న వయసున చిన్నది. రెండవ దినముననే ఆ ఫైలు తెరచి, పెద్ద గుమస్తాను పిలిచి, ‘ఈ లెక్క నాకు అర్థం కావడం లేదండీ, మీరొకసారి చూస్తారా?’ అని అడిగినది. ఆయన ఒక క్షణము నిలువబడి, కళ్లజోడు పెట్టె తెరచి, మడతలు పడిన చీటీని బల్లపై పెట్టెను. తప్పు తనది కాకపోయినను, ఆమె ‘ఈ కార్యాలయమున పొరపాటున పడినది, సవరించడమైనది’ అని వ్రాసి సంతకము చేసినది.