అద్దె కట్టలేని నెల

ఒకటో తారీఖు దగ్గర పడుతోందంటే కొన్ని ఇళ్లలో రెండు వాటాల్లోనూ గుండె దడే. కింది వాటాలో ఇల్లాలికి అద్దె డబ్బు ఎలా సర్దాలా అని బెంగ. పై వాటాలో ఇంటావిడకి ఈ నెలైనా చేతికొస్తుందా అని బెంగ. ఆయన ఉద్యోగం పోయినా, ఆస్పత్రి ఖర్చు మీద పడినా బియ్యం కొనక తప్పదు, పిల్లల ఫీజు కట్టక తప్పదు. ఆగేది అద్దే. అప్పుడు మెట్ల దగ్గర ఎదురుపడి మాట అనేదీ, పడేదీ కూడా ఎక్కువగా ఆడవాళ్లమే.

సొంతిల్లు ఉన్నవాళ్లందరూ కలవాళ్లే అనుకుంటాం. భర్త పోయాక రెండు గదులు అద్దెకిచ్చి, ఆ డబ్బుతోనే మందులు కొనుక్కునే పెద్దవాళ్లు మన వీధుల్లో ఎందరు లేరు? బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టి, వచ్చిన అద్దె వచ్చినట్టే వాయిదాకి జమ చేసేవాళ్లూ ఉన్నారు.

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ చిక్కు అందరికీ ఒకేసారి ఎదురైంది. కూలీల దగ్గర, వలస కార్మికుల దగ్గర నెల రోజులు అద్దె అడగొద్దని మార్చి 29న కేంద్రం ఆదేశించింది. మార్చి, ఏప్రిల్, మే నెలల అద్దె అప్పుడే వసూలు చేయొద్దని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోమని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. కాదు, వాయిదా మాత్రమే. అటు ఇంటి అప్పు ఉన్నవాళ్లకి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకునే వీలు దొరికింది కానీ, వడ్డీ మాత్రం ఆగలేదు. అంటే భారం ఎక్కడికీ పోలేదు. ఎవరెంత మోయాలన్నదే ప్రశ్న.

కట్టలేకపోవడం వేరు, కట్టకుండా ఎగ్గొట్టడం వేరు. మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కూడా ఈ తేడా చూసింది. కావాలని ఎగవేయలేదని అధికారికి నమ్మకం కుదిరితే, బాకీ తీర్చడానికి 15 రోజుల దాకా గడువు ఇవ్వొచ్చంది. ఆ చట్టం ఇచ్చిన గడువు అంతే. అంతకన్నా ఎక్కువ కావాలంటే మనుషులు మాట్లాడుకోవాల్సిందే.

అద్దెకుండేవాళ్లు ఒకటో తారీఖు దాటాక మొహం చాటేసే బదులు, వారం ముందే వెళ్లి చెప్పడం మేలు. "పిన్నిగారూ, ఈ నెల పూర్తిగా ఇవ్వలేం. సగం ఇప్పుడు ఇస్తాం" అంటే ఆవిడ కూడా తన ఖర్చులు చూసుకుంటుంది. ఉన్నంతలో ఎంతో కొంత ఇవ్వాలి. ఆరు వేల అద్దె రెండు నెలలు నిలిచిపోయిందనుకోండి, బాకీ 12 వేలు. చేయి తిరిగాక నెలకి రెండు వేలు కలిపి ఇస్తే ఆరు నెలల్లో తీరిపోతుంది. ఈ లెక్క ఓ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. అడ్వాన్సులోంచి సర్దుకోవాలంటే అదీ ఇద్దరూ ఒప్పుకునే జరగాలి.

ఇంటివాళ్లకీ ఒక మాట. మోటారు ఆపేసి నీళ్లు రాకుండా చేయడం, కరెంటు తీసేయడం, సామాను బయట పెట్టడం న్యాయం కాదు, చట్టమూ ఒప్పదు. బాకీ పడింది పెద్దవాళ్లయితే, నీళ్లు లేక అల్లాడేది పసిపిల్లలు. ఖాళీ చేయించక తప్పకపోతే పద్ధతి ప్రకారం నోటీసు ఇవ్వండి. పరీక్షల ముందు పిల్లలున్న ఇంటికి ఓ నెల ఎక్కువ గడువిస్తే మునిగిపోయేదేమీ ఉండదు. నమ్మకంగా ఏళ్ల తరబడి కట్టినవాళ్లని పంపేస్తే, కొత్తవాళ్లు వచ్చేదాకా టులెట్ బోర్డే మిగులుతుంది.

అద్దెకున్నవాళ్లు రాత్రికి రాత్రి సామాను సర్దుకుపోతే, ఆ నష్టం వాళ్ల తర్వాత ఇల్లు వెతుక్కుంటూ వచ్చే మరో ఇల్లాలి మీద పడుతుంది. ఇంటావిడ ఆమెని నమ్మదు, అడ్వాన్సు రెట్టింపు అడుగుతుంది. కట్టలేని నెల ఎవరింటికైనా రావచ్చు. వచ్చినప్పుడు నిజం ముందే చెప్పడం ఒకరి వంతు, ఊపిరి తీసుకునే గడువివ్వడం మరొకరి వంతు.