ప్రార్థనలో ఇమిడిన సిద్ధాంతము

ఆంగ్ల సాహిత్య చరిత్ర చదువు విద్యార్థులకు రిచర్డ్ హుకర్, జెరెమీ టెయిలర్ అను పేర్లు గద్యశైలికి ఉదాహరణములుగా పరిచితములు. వారు ఇంగ్లండు క్రైస్తవ సంఘపు మతాచార్యులనియు, వారి రచనల వెనుక ఒక దీర్ఘవివాదము కలదనియు గుర్తించువారు అరుదు. మనుష్యుడు దేవుని యెదుట ఏ మాటలు పలుకవలెను? ఆ మాటలను నిర్ణయించునది ఎవరు? ఇదియే ఆ వివాదము.

16వ శతాబ్ది నడిమి వరకు ఇంగ్లండు దేవాలయములలో ఆరాధన లాటిను భాషలో జరిగెడిది. 1549లో, ఆరవ ఎడ్వర్డు రాజ్యకాలమున, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్ నాయకత్వమున 'సామాన్య ప్రార్థనల గ్రంథము' ఇంగ్లీషులో వెలువడెను. ఇచట 'సామాన్య' మనగా అల్పమని కాదు. గురువును, సేద్యగాడును కలిసి పాల్గొనదగినదని అర్థము.

సిద్ధాంతము ప్రార్థనలో ఎట్లు ఇమిడియుండునో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. ప్రభుభోజన సంస్కారమున గురువు రొట్టె నందించుచు ఒక వాక్యము పలుకును. 1549 నాటి గ్రంథమున ఆ వాక్యము క్రీస్తు శరీరమును పేర్కొనెను. 1552 నాటి ప్రతిలో దానిని తొలగించి, క్రీస్తు మరణమును స్మరించుచు తినుమను వాక్యమును నిలిపిరి. తరువాత మేరీ రాణి పూర్వమతమును పునరుద్ధరించెను. 1556 మార్చి 21న క్రాన్మర్‌ను ఆక్స్‌ఫర్డులో సజీవదహనము చేసిరి. ప్రాణభీతితో తన విశ్వాసమును కాదని సంతకము చేసిన కుడిచేతిని ఆయన ముందుగా మంటలో నుంచెను. 1559లో, ఎలిజబెతు రాణి కాలమున, వెనుకటి రెండు వాక్యములను ఒకదాని ప్రక్క నొకటి చేర్చిరి. భిన్నాభిప్రాయములు గలవారు ఒకే బల్ల యొద్ద మోకరిల్లుటకు వీలు కలిగెను.

హుకర్ 1597లో ప్రకటించిన తన మహాగ్రంథపు అయిదవ భాగమున ఈ ప్రార్థనావిధానమునే సమర్థించెను. రొట్టెలో ఏమి మారునను తర్కముకంటె, దానిని భక్తితో స్వీకరించువాడు క్రీస్తుతో ఏకమగుటయే ప్రధానమని ఆయన వాదము.

కాని ప్యూరిటనులు ఊరకుండలేదు. అచ్చుపుస్తకము చూచి వల్లించునది హృదయము నుండి వచ్చిన ప్రార్థన యెట్లగునని వారి ప్రశ్న. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. తాను దేనికి 'ఆమెన్' పలుకుచున్నాడో భక్తునికి ముందుగా తెలిసియుండవలెనని రెండవ పక్షము సమాధానము. అంతర్యుద్ధకాలమున, 1645లో, పార్లమెంటు ఆ గ్రంథమును నిషేధించెను. పదవి కోల్పోయిన టెయిలర్ వేల్సులో ఒక ప్రభువు ఆశ్రయమున నుండి 1649లో నియత ప్రార్థనలను సమర్థించుచు ఒక గ్రంథము ప్రకటించెను. 1650లో 'హోలీ లివింగ్', 1651లో 'హోలీ డైయింగ్' వెలువడెను. వానిలో ధర్మోపదేశము వెంట ప్రార్థనలను కూడ పొందుపరచెను. దేవాలయమున వినబడని ప్రార్థనకు ఇంటిలో చోటు దొరకెను.

1662లో ఆ గ్రంథము సవరణలతో తిరిగి వచ్చెను. అయితే దానిని సంపూర్ణముగా అంగీకరింపని గురువులు 1,000 మందికి పైగా తమ స్థానములు కోల్పోయిరి. అందరిని ఒకచోట చేర్చుటకు రెండు వాక్యములను కలిపిన గ్రంథమే, చట్టబలము తోడైనప్పుడు, కొందరిని వెలుపలికి నెట్టెను.

ఈ రచనలను పాఠముగా బోధించు ఉపాధ్యాయులు శైలితోపాటు ఈ చరిత్రను కూడ చెప్పవలెను. వాక్యపు సొగసు విద్యార్థి తానే గ్రహింపగలడు. ఆ వాక్యమునకై మనుష్యులు చెల్లించిన మూల్యమును ఒకరు చెప్పిననే గాని తెలియదు.