మీకు తెలుసా? ఈ వేటలో మృగం ఒళ్లే ఆనవాలు

జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 2004లో మొదలుపెట్టిన ‘మాన్‌స్టర్ హంటర్’ ప్రధాన వీడియో ఆటల్లో మృగానికి ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత తెరమీద ఉండదు. దాని ఒంటినే గమనించాలి. చొంగ కారుస్తూ ఆగిందంటే అలసిపోయినట్టు. కుంటుతూ గూటివైపు మళ్లిందంటే చావుకు దగ్గరపడినట్టు. ప్రాణాలతో పట్టుకోవడానికి అదే అదను.

బారోత్ అనే మృగం సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. ఒంటినిండా బురద పూసుకున్నప్పుడు దానికి నీటి దెబ్బ గట్టిగా తగులుతుంది, బురద పెళ్లలు ఊడాక నిప్పు దెబ్బ. పిడుగు ఆయుధం మాత్రం ఎప్పుడూ దండగే!

ఇసుకలోకి దూరే డయాబ్లోస్‌కు పదునైన చెవులే బలహీనత. అది భూమిలో ఉండగా సోనిక్ బాంబు పేలిస్తే గిలగిలలాడుతూ పైకొచ్చి సగంలో ఇరుక్కుపోతుంది. కోపంతో ఊగిపోతున్నప్పుడైతే ఆ మోతను లెక్కే చేయదు.