నట్టుకు సరిపడే పానా

కరీంనగర్ చుట్టూ ఉన్న క్వారీల నుంచి గ్రానైటు దిమ్మెలు మోసే లారీకి దారిలో టైరు మార్చాల్సి వస్తే, క్లీనరు వీల్ పానాకు మీటరు పొడవు ఇనుప పైపు తొడిగి దాని కొస మీదకెక్కి నిలబడతాడు. బలాన్ని పిడి పొడవుతో గుణిస్తే వచ్చేది టార్క్. అతని బరువు 60 కిలోలనుకుంటే నట్టు మీద పడే టార్క్ దాదాపు 590 న్యూటన్ మీటర్లు. పెద్ద లారీ చక్రాల నట్లకు ఇంచుమించు అంత టార్కే కావాలి. ఇక ఇంటి ముందు నిలిపిన స్ప్లెండర్‌లో ఇంజను పక్క మూతను పట్టి ఉంచే 6 మిల్లీమీటర్ల బోల్టు సంగతి చూడండి. దానికి 10 న్యూటన్ మీటర్లు చాలు. ఈ రెండింటి మధ్య తేడా అరవై రెట్లు. అన్ని బండ్లకూ ఒకే పానాల పెట్టె సరిపోతుందని ఎవరైనా అంటే ముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోవాలి.

ఇప్పుడు కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా చవకలో ఎక్కువగా కనిపించేది 46 ముక్కల పెట్టె. ప్లాస్టిక్ డబ్బా తెరిస్తే తళతళలాడుతుంది, చూడగానే మనసు పడుతుంది. అందులో ఏముందో లెక్కపెట్టి చూడండి. వాటిలో చాలావి స్క్రూలు తిప్పే చిన్న బిట్లే. గోటీలు, అంటే నట్టు మీద తొడిగే సాకెట్లు, 4 నుంచి 14 మిల్లీమీటర్ల వరకే ఉంటాయి. స్ప్లెండర్ ఇంజన్ ఆయిల్ దించే బోల్టుకు 17 కావాలి, దాని స్పార్క్ ప్లగ్గుకు 16 కావాలి. ఆ పెట్టెలో ఈ రెండూ ఉండవు. పైగా గోటీని తిప్పే చదరపు కొన పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సన్నటి కొన చిన్న బోల్టులకు చక్కగా పనికొస్తుంది. దాంతో కారు చక్రం నట్టు విప్పబోతే ముందుగా విరిగేది ఆ కొనే. మోటారు సైకిలుకైనా కారుకైనా అర అంగుళం కొన ఉన్న హ్యాండిలు కొనడం మేలు. మూడు ఎనిమిదోవంతులదీ ఫర్వాలేదు గానీ, ఒక్కటే కొనగలిగితే నా ఓటు అర అంగుళానికే.

పానా మంచిదో కాదో తేలేది నట్టు మూల దగ్గర. ఆరు పలకల నట్టుకు ఎదురెదురు పలకల మధ్య దూరాన్నే మనం 10, 12, 14 అంటాం. మూలకూ మూలకూ మధ్య దూరం అంతకన్నా సుమారు 15 శాతం ఎక్కువ. పానా ఆ పలకలను గట్టిగా అదిమి పట్టాలి. కొంచెం వదులుగా ఉన్నా పానా తిరిగి, పలకను వదిలి మూల మీద మాత్రమే ఆనుతుంది. అర అంగుళం నట్టు 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పెడితే తేడా 0.3 మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ నట్టును పట్టుకునే లోపే పానా దాదాపు రెండున్నర డిగ్రీలు ఖాళీగా తిరుగుతుంది. ఆ తర్వాత బలమంతా గీతలాంటి అంచు మీద పడి మూల అరుగుతుంది. రెండు మూడు సార్లు ఇలా చేస్తే నట్టు గుండ్రమైపోయి, ఛీనీ, సుత్తె పట్టుకోవలసి వస్తుంది. పన్నెండు మూలల రింగు కన్నా ఆరు మూలల గోటీ నట్టును బాగా కాపాడేది కూడా ఇందుకే. మొండికేసిన నట్టుకు ముందు ఆరు మూలలదే పెట్టాలి.

కొలతల్లో ఉన్న చిక్కు మన రోడ్ల మీద రోజూ కనిపిస్తుంది. ఒకే 8 మిల్లీమీటర్ల బోల్టుకు జపాను పద్ధతిలో తల 12, జర్మనీ పద్ధతిలో 13. 10 మిల్లీమీటర్ల బోల్టుకైతే జపాను తల 14, జర్మనీ తల 17. హోండా వంశపు బండ్లలో 8, 10, 12, 14, 17 వస్తాయి. టాటా, మహీంద్రా బండ్లలో 13 తరచూ ఎదురవుతుంది. పొలంలో దున్నే పాత మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల లెక్క అంగుళాల్లో ఉంటుంది. ముప్పాతిక అంగుళం 19.05 మిల్లీమీటర్లు కాబట్టి 19 పానా కొన్నిసార్లు పట్టుకుంటుంది. తొమ్మిది పదహారోవంతులు అంటే 14.29. అక్కడ 14 పట్టదు, 15 వదులవుతుంది. ట్రాక్టరున్న ఇంట్లో అంగుళాల పానాలు నాలుగైనా వేరుగా ఉండాల్సిందే.

ఇక ఉక్కు సంగతి. ఈ విషయంలో ఉత్తర తెలంగాణకు చాలా పెద్ద చరిత్ర ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలను కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్ది తొలినాళ్లలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాశాడు. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో ఊరూరా తిరిగి, పాత కొలుముల జాడలనూ చిట్టెపు కుప్పలనూ నమోదు చేశాయి. అలాంటి మూస ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద కనిపించే అలల గీతలకు అందులో అతి స్వల్పంగా ఉన్న వెనేడియం వంటి మూలకాలే కారణమని 1998లో లోహ శాస్త్రవేత్త వెర్హోవెన్ బృందం వాదించింది. ఇవాళ పానాల మీద ‘క్రోమ్ వెనేడియం’ అని చెక్కుతున్నది ఆ మూలకం పేరే. అయితే పానాకు కావలసిన గుణం వేరు. కత్తి ఉక్కులో కార్బన్ ఒక శాతం దాటుతుంది. పానా ఉక్కులో అందులో సగమో అంతకన్నా తక్కువో ఉంటుంది. అది గట్టిగా ఉండాలి, పెళుసుగా మాత్రం ఉండకూడదు. క్రోమియం కలిపితే నూనెలో ముంచినప్పుడు ముక్క లోపలి దాకా గట్టిపడుతుంది. చిటికెడు వెనేడియం ఉక్కులోని రేణువులు పెరగకుండా ఆపుతుంది. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ మెల్లగా వేడి చేసి పెళుసుదనం తగ్గిస్తేనే పానా తయారవుతుంది. ఈ మూడో పని సరిగ్గా చేయకపోతే పానా బలం పడ్డప్పుడు విరుగుతుంది. మొదటి రెండూ సరిగ్గా చేయకపోతే దాని నోరు వెడల్పవుతుంది.

చెక్కిన అక్షరాలను నమ్మి కొనలేం, ఆ ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు. మొత్తం సెట్టు కొనే ముందు ఒక్క 10-12 పానా కొని ఇంటికి తెచ్చుకోండి. దాని అంచు మీద ఆకురాయి రుద్దండి. మెత్తటి ఇనుమైతే ఆకురాయి ఇట్టే పట్టి పొడి రాలుస్తుంది, మంచి ఉక్కయితే జారుతూ కొంచెమే గీస్తుంది. కొత్త బోల్టుకు తొడిగి అటూ ఇటూ ఊపి చూడండి. రెండు కొనలూ ఒకేలా పట్టుకోవాలి. అయస్కాంతంతో పరీక్షించి లాభం లేదు, నాసి ఇనుమూ దానికి అంతే అతుక్కుంటుంది. నోరున్న పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. జలంధర్, లుధియానాల నుంచి వచ్చే పానాల్లో నాణ్యమైనవి ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. తాపరియా స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో తయారీ మొదలుపెట్టిన కంపెనీ. దవడ జరిగే స్క్రూ రెంచికి పేటెంటు పొందిన జోహాన్సన్ కూడా స్వీడన్ వాడే. ఆ రెంచి అత్యవసరానికి మంచిదే గానీ, కదిలే దవడ ఎప్పుడూ కొంత వదులుగా ఉంటుంది కాబట్టి రోజువారీ పనికి పెట్టకూడదు.

మంచి పానాతో కూడా బండిని పాడు చేయవచ్చు. బిగించేటప్పుడు మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింద ఒరిపిడికి, మరో 40 శాతం బోల్టు మరల (థ్రెడ్ల) ఒరిపిడికి పోతుంది. బోల్టును సాగదీసి రెండు భాగాలనూ పట్టి ఉంచేది మిగిలిన పది శాతమే. మరలకు నూనె పూస్తే ఒరిపిడి తగ్గి, అదే టార్క్‌తో బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. ఆయిల్ బోల్టు దిగేది అల్యూమినియం గూట్లో కాబట్టి ముందుగా తెగేవి ఆ గూటి మరలే. చిన్న పానాను చిన్నగా చేసిందే ఇందుకు. 12 సెంటీమీటర్ల దూరంలో పట్టి 8 కిలోల బలంతో లాగితే 6 మిల్లీమీటర్ల బోల్టుకు అవసరమైనంత బిగుతు వచ్చేస్తుంది. దానికి పైపు తొడగకండి. స్పార్క్ ప్లగ్గును ఇంజను చల్లారాకే విప్పాలి. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, మే నెల ఎండలో ఆగిన బండికి ఇది మరీ వర్తిస్తుంది.

ఉట్నూరు నుంచి కెరమెరి ఘాటు మీదుగా ఆసిఫాబాద్ వెళ్లే మోటారు సైకిలు వాళ్లకు నా సలహా ఇది. ఒక వైపు నోరు, ఒక వైపు రింగు ఉన్న పానాలు 8, 10, 12, 14, 17 కొనండి. వెనక చక్రం యాక్సిల్ నట్టు కొలిచి దానికి సరిపోయేది ఒకటి, 16 ప్లగ్గు పానా, నాణ్యమైన ప్లస్ స్క్రూ డ్రైవరు, కటింగ్ ప్లేయరు చేర్చుకోండి. ఇవన్నీ ఒక గుడ్డ సంచిలో పడతాయి. ఒకేసారి కొనలేకపోతే 10, 12 ముందు కొనండి, చేతికి ఎక్కువ పని చెప్పేవి అవే. కారుంటే చక్రం నట్టుకు సరిపోయే ఆరు మూలల గోటీ, అర అంగుళం కొన ఉన్న పొడవాటి హ్యాండిలు కలపండి. చిన్న కార్లకు 85 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, 30 సెంటీమీటర్ల పిడి మీద అది 29 కిలోల బలం. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే ఆ నట్లు వదులు చేయాలి.