తుపాకులు తిరిగి ఇచ్చిన దేశం

ఆయుధం మీద మమకారం మనకు కొత్త కాదు. కర్ణాటకలోని కొడగులో కొడవలు పండుగనాడు తుపాకికి పూజ చేస్తారు. తాతల నాటి తుపాకిని వదులుకోమంటే ఎవరికైనా మనసు ఒప్పదు. అలాంటి మమకారాన్ని ఒక దేశం మొత్తం ఎలా ఎదుర్కొన్నదో చూద్దాం.

1996 ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకే ఒక్కడు 35 మందిని కాల్చి చంపాడు. జాన్ హోవర్డ్ ప్రధాని అయి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. తుపాకుల చట్టాలు చేసే అధికారం అక్కడ రాష్ట్రాలది. అయినా పన్నెండు రోజుల్లోనే, మే 10న, ఆయన రాష్ట్రాలన్నిటినీ ఒక ఒప్పందానికి తెచ్చారు. వెంటవెంటనే పేలే రైఫిళ్లు, కొన్ని రకాల షాట్‌గన్లు సామాన్యుల చేతుల్లో ఉండకూడదన్నారు. లైసెన్సుకు తగిన కారణం చూపాలి. ఆత్మరక్షణ అంటే చెల్లదు. ప్రతి తుపాకీ నమోదు కావాలి.

అసలు కష్టం అక్కడే మొదలైంది. కోపగించుకున్నది హోవర్డ్‌కు ఓట్లేసిన రైతులూ వేటగాళ్లే. సేల్ అనే ఊళ్లో వారి సభకు ఆయన కోటు లోపల తూటాలు ఆపే తొడుగు వేసుకుని వెళ్లారు. అలా వెళ్లడం పొరపాటని తర్వాత ఆయనే అన్నారు. ఉప ప్రధాని టిమ్ ఫిషర్ది గ్రామీణుల పార్టీ. ఆయన తనవాళ్ల నిందలు పడుతూనే ఊరూరా తిరిగి నచ్చజెప్పారు.

ప్రభుత్వం తుపాకులను ఊరికే లాక్కోలేదు. ఆరోగ్య పన్నును ఒక ఏడాదికి 0.2 శాతం పెంచి, ఆ డబ్బుతో ధర చెల్లించింది. సుమారు 6.5 లక్షల తుపాకులు వెనక్కి వచ్చాయి. వాటిని ముక్కలు చేశారు. ఆ తర్వాత తుపాకి మరణాలు బాగా తగ్గాయి. అందులో చట్టం వాటా ఎంతన్న దానిపై మాత్రం నిపుణులకు ఏకాభిప్రాయం లేదు.

కథ అంతటితో ముగియలేదు. ఏళ్లు గడిచేకొద్దీ కొత్త తుపాకులు చేరి, వాటి సంఖ్య 1996 నాటి లెక్కను దాటింది. 2025 డిసెంబర్ 14న సిడ్నీలోని బాండీ తీరంలో యూదుల పండుగ వేడుకపై జరిగిన కాల్పుల్లో 15 మంది చనిపోయారు. కాల్చిన ఇద్దరిలో ఒకడికి లైసెన్సు ఉంది. ప్రభుత్వం మళ్లీ తుపాకులు కొంటామని ప్రకటించింది. ఒకసారి చట్టం చేసి ఊరుకుంటే చాలదని ఆ దేశానికి తెలిసివచ్చింది.

మన దేశంలోనూ 2019 సవరణతో లైసెన్సుదారు దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఇంట్లో లైసెన్సు తుపాకి ఉన్నవారు దాన్ని పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. పెళ్లిళ్లలో గాలిలోకి కాల్చడం గొప్ప కాదని పెద్దలే ముందు చెప్పాలి.