స్టార్లందరినీ ఒక్కచోట చేర్చితే గెలుస్తామా?
కబడ్డీ డ్రీమ్ టీమ్: అపోహలు – వాస్తవాలు

ఆల్‌టైమ్ కబడ్డీ జట్టును ఎంచమంటే సిరిసిల్లలోనైనా, కోరుట్లలోనైనా, జగిత్యాలలోనైనా ముందు వినపడేవి రెయిడర్ల పేర్లే. పర్‌దీప్ నర్వాల్, పవన్ సెహ్రావత్, రాహుల్ చౌదరి, అజయ్ ఠాకూర్, నవీన్ కుమార్ అంటూ ఐదుగురి లెక్క తేలాక, మిగిలిన రెండు చోట్ల ఎవరో ఒక డిఫెండర్‌ను ఇరికిస్తారు. ఎక్కువ పాయింట్లు తెచ్చేవాళ్లంతా ఒకవైపు ఉంటే అవతలి ఏడుగురు ఎవరైనా చిత్తవుతారన్నది ఇందులోని నమ్మకం. సరదా చర్చల వరకైతే దీనితో నష్టం లేదు. కానీ వేములవాడలో ఊరి జట్టు కట్టేటప్పుడు కూడా ఇదే కొలత పెడితే, కూతకు ఉరికే పిల్లవాడికి చోటు దొరుకుతుంది, కాలి మడమ దొరికితే వదలని పిల్లవాడు గీత అవతల నిలబడి చూస్తాడు. అందుకే ఈ నమ్మకాన్ని గట్టిగా పరీక్షించాలి.

పరీక్షకు మన జట్టే ఉంది. ప్రో కబడ్డీ పదో సీజన్ కోసం 2023 వేలంలో తెలుగు టైటన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. లీగ్‌లో అప్పటిదాకా ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. పవన్ మోసం చేయలేదు, ఆ సీజన్‌లో 200కు పైగా రెయిడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా టైటన్స్ 22 లీగ్ మ్యాచ్‌లలో రెండే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. తప్పు పవన్‌ది కాదు, అతని చుట్టూ కట్టిన జట్టుది. ఆ సీజన్ టైటిల్‌ను 2024 మార్చి 1న మన గచ్చిబౌలిలోనే, హర్యానా స్టీలర్స్‌ను 28–25తో ఓడించి పుణేరి పల్టన్ ఎత్తుకుపోయింది. పుణే జట్టులో అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే కూతలను పంచుకునేవాళ్లు. వాళ్ల వెనక గట్టి డిఫెన్స్ ఉండేది. పవన్ లేని 2025 సీజన్‌లో ఇదే టైటన్స్ ప్లేఆఫ్స్‌కు చేరిందన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎందుకిలా జరుగుతుందో ఆట నియమాలే చెబుతాయి. మ్యాచ్ 40 నిమిషాలు, కూతకు 30 సెకన్లు, రెండు జట్లూ వంతులవారీగా వెళ్లాలి. అంటే ఒక్కో జట్టుకు దక్కేవి నలభై అటూఇటుగా కూతలే. ఐదుగురు మహా రెయిడర్లను దింపినంత మాత్రాన ఆ నలభై రెండొందలు కావు. ఒక్కొక్కరికి ఎనిమిదేసి వస్తాయి, మిగతా సమయమంతా వాళ్లు డిఫెన్స్‌లో నిలబడాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యం. పట్టుబడిన రెయిడర్ బయట కూర్చోవాలి. అతను మళ్లీ లోపలికి రావాలంటే లోపలున్నవాళ్లు ప్రత్యర్థిని ఔట్ చేయాలి, అదీ ముందు ఔటైనవాళ్లు వచ్చాకే. లోపల పట్టు పట్టగలవాడు లేకపోతే కోట్ల ధర పలికిన ఆటగాడైనా బెంచీ మీద నిమిషాలు లెక్కపెట్టుకోవాల్సిందే.

మామూలు మ్యాచ్‌లో ట్యాకిల్ పాయింట్ల కంటే రెయిడ్ పాయింట్లే ఎక్కువ కదా, మరి రెయిడర్‌కు ఎక్కువ విలువ ఇస్తే తప్పేమిటని అడగొచ్చు. సంఖ్య వరకు అది నిజమే. కానీ ఒక డిఫెండర్ ఔటైతే ఇంకా ఆరుగురు మిగులుతారు; ప్రధాన రెయిడర్ ఔటైతే ఆ జట్టుకు పాయింట్లు వచ్చే దారే సన్నబడుతుంది. పైగా ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టేస్తే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. స్కోరు బోర్డు మీద రెయిడ్ పాయింటూ ట్యాకిల్ పాయింటూ ఒకటే అంకె, వాటి వెనక పడే దెబ్బ మాత్రం ఒకటి కాదు.

ఇక్కడ అందరూ వేసే ప్రశ్న పర్‌దీప్ గురించి. అతనొక్కడే పట్నా పైరేట్స్‌కు వరసగా మూడు టైటిళ్లు తేలేదా? 2017లో అతను తెచ్చిన 369 రెయిడ్ పాయింట్లు మాటలు కావు. కానీ ఆ ఏడాది పక్కన రెండో రెయిడర్‌గా మోనూ గోయత్ ఉన్నాడు. 2019లో పర్‌దీప్ మళ్లీ 300 దాటాడు, పట్నా ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. తర్వాతి సీజన్‌కు అతను యూపీ యోధాకు వెళ్లిపోయాడు. పర్‌దీప్ లేని పట్నా లీగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచి, ఫైనల్లో ఢిల్లీ చేతిలో 36–37తో, ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆ జట్టుకు వెన్నెముక ఎవరంటే, ఆ సీజన్‌లో 89 ట్యాకిల్ పాయింట్లతో అందరికంటే ముందున్న ఇరాన్ కుర్రాడు మొహమ్మద్‌రెజా షాద్లూయి.

డ్రీమ్ టీమ్ అన్న మాటకు ఊపిరి పోసిన 1992 బార్సిలోనా ఒలింపిక్స్ అమెరికా బాస్కెట్‌బాల్ జట్టును కూడా కొందరు సాక్ష్యంగా తెస్తారు. జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ ఒకే జట్టులో ఆడి ప్రత్యర్థులను సగటున 40 పాయింట్లకు పైగా తేడాతో ఓడించిన మాట వాస్తవం. అప్పుడు ఎదుటి జట్లకూ వాళ్లకూ నడుమ అగాధం ఉంది. అది పూడుతూ వచ్చాక, 2004 ఏథెన్స్‌లో ఎన్‌బీఏ తారలతో వెళ్లిన అమెరికా సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో 81–89తో ఓడింది. మనం ఊహించుకునే పోటీలో అవతలివాళ్లూ ఆల్‌టైమ్ జట్టే కాబట్టి పోలిక ఏథెన్స్‌తోనే పెట్టాలి. కబడ్డీలో మన ఏథెన్స్ 2018 జకార్తా. 1990 నుంచి ఆసియా క్రీడల్లో పురుషుల స్వర్ణం మరో దేశానికి ఇవ్వని భారత్, అజయ్ ఠాకూర్, పర్‌దీప్, రాహుల్ ఉన్న జట్టుతో వెళ్లి సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో 18–27తో ఓడింది. అంతమంది రెయిడర్లుండీ 18 పాయింట్లే!

డిఫెండర్లనైనా అంకెలు చూసి ఏరుకోవచ్చనుకోవడం ఇంకో అపోహ. ఫజల్ అత్రాచలి, షాద్లూయి ఇద్దరికీ పేరు తెచ్చింది లెఫ్ట్ కార్నరే. ఇద్దరినీ తీసుకుంటే ఒకరు పక్కకు జరగాలి. కార్నర్ మడమ మీదికి దూకిన క్షణంలోనే పక్కనున్న కవర్ నడుముకు అడ్డం పడాలి. కార్నర్ అరక్షణం తొందరపడితే రెయిడర్ ఇద్దరినీ తాకి గీత దాటేస్తాడు. ఈ జోడీ సంగతి ఏ పట్టికలోనూ కనపడదు. మొత్తం పాయింట్లతో తరాలను పోల్చడమూ సరికాదు. తొలి సీజన్లలో జట్టుకు 14 లీగ్ మ్యాచ్‌లే, 2017లో అవి 22కు పెరిగాయి. లీగ్ పుట్టిన 2014కు ముందు మట్టి మీద ఆడిన మేటి ఆటగాళ్లకైతే పట్టికే లేదు.

నన్ను ఎంచమంటే కూతకు పర్‌దీప్, అనూప్ కుమార్. రెండు పనులకూ మంజీత్ ఛిల్లర్. కార్నర్లలో ఫజల్, రవీందర్ పహల్. కవర్లలో జీవా కుమార్, సుర్జీత్ సింగ్. పవన్‌ను బయట ఉంచినందుకు అతని అభిమానులు మండిపడతారని తెలుసు. పర్‌దీప్ పట్టుబడి కూర్చున్నప్పుడు తొందరపడకుండా టచ్ పాయింటు తెచ్చి అతన్ని లోపలికి రప్పించేవాడు నాకు కావాలి, ఆ పనిలో అనూప్‌ను మించినవాడు లేడని నా అభిప్రాయం. అవతల పవన్, రాహుల్, నవీన్, అజయ్‌తో పాటు ఇంకో రెయిడర్ కూడా ఉండనివ్వండి. మన నలుగురు పవన్‌ను ఒక్కసారి పడగొడితే, తర్వాతి కూతలో పర్‌దీప్ ఎదుట నిలబడి అతన్ని పట్టాల్సింది పట్టు పెద్దగా అలవాటులేని రెయిడర్లే.